బుల్లిబాబుగారి పట్టు

రమాదేవిగారు మా క్లాసుకి మొదటిసారి వచ్చేనాటికి ఆవిడకి యాభై ఒక్క ఏళ్ళు. పాలకొల్లు బజారు వీధిలో స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళది. ఊళ్ళో సగం ఇళ్ళలో గిన్నెల మీదా గ్లాసుల మీదా కనిపించే పేర్లు ఆవిడ భర్త బుల్లిబాబుగారు మిషనుతో చెక్కినవే. ఆవిడ ఎప్పుడూ కొట్లో వెనకవైపు స్టూలు మీద కూర్చుని కవర్లు మడత పెడుతూ ఉండేవారు. ఆవిడ గొంతు నేను అంతవరకూ వినలేదు.

మాది ఐకిడో క్లాసు. జపాన్ వాళ్ళ విద్య అది. మీదికొచ్చినవాణ్ణి కొట్టకుండా, వాడు వచ్చిన ఊపుతోనే వాణ్ణి పక్కకి తిప్పి పడేస్తాం. నేర్పే జాషువా మాస్టారిది నరసాపురం. ఇరవై రెండేళ్ళు ఓడల్లో పనిచేసి, అందులో ఏడేళ్ళు జపానులోని కోబె రేవులో ఉండిపోయి, అక్కడ నేర్చుకుని వచ్చారు. మూతబడ్డ రైసుమిల్లు గోడౌనులో ఊక నింపిన గోనెసంచులు పరిచి, పైన టార్పాలిన్ బిగించి, మంగళ గురు శనివారాలు సాయంత్రం పూట నేర్పేవారు. నేను గర్ల్స్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. నడుంనొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే చేరాను. మాతోపాటు జెరాక్స్ షాపాయన, ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు, బజారులో లారీ సరుకు దింపే పోతురాజు, ఇంకో నలుగురూ ఉండేవారు.

ఆవిడ చెప్పులు బయట విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని గుమ్మంలో నిలబడ్డారు. మాస్టారు లోపలికి రమ్మన్నారు. ఆవిడ రాలేదు. అక్కడినుంచే అడిగారు.

"చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం నేర్పుతారటకదండి. పోతురాజు చెప్పాడు."

"నేర్పుతామమ్మా."

"పట్టుకున్నవాళ్ళకి నొప్పెట్టకూడదండి. అలాంటిది ఉందాండి మీ దాంట్లో?"

మాస్టారు ఉందనీ, కానీ అది నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుందనీ అన్నారు. ఆ తర్వాత, చెయ్యి పట్టుకునేది ఎవరని అడిగారు. ఆవిడ గాజులు పైకి జరిపి చూపించారు. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళ గుర్తులు, వంకాయ రంగులో.

"మా ఆయనండి. ఆయన తప్పేం లేదు," అన్నారు.

బుల్లిబాబుగారి సంగతి బజారులో అందరికీ అప్పటికే కొంచెం కొంచెం తెలుసు. అంతకు ముందు ఏడాది ఎవరో గృహప్రవేశంలో పంచడానికి అరవై స్టీలు డబ్బాలు తీసుకుని, పేర్లు చెక్కమని ఇచ్చి వెళ్ళారు. సాయంత్రం వచ్చి చూస్తే అరవై డబ్బాల మీదా ఒకటే అక్షరం ఉంది. పేరులోని మొదటి అక్షరం మాత్రమే, పక్కపక్కనే నాలుగైదు సార్లు. వాళ్ళు వెళ్ళాక ఆయన మిషను కట్టేసి భార్యతో, "రమా, ఆ అక్షరం తరవాత ఏం రావాలో చేతికి తెలియట్లేదే," అన్నారట.

రాజమండ్రిలో పెద్ద డాక్టరుకి చూపించారు. మెదడు ఎండిపోతూ వచ్చే మతిమరుపు జబ్బనీ, వయసు యాభై ఎనిమిదే కాబట్టి తొందరగా ముదురుతుందనీ, మందులతో కాస్త నెమ్మదింపజేయడం తప్ప చేసేదేమీ లేదనీ ఆయన చెప్పాడు. తిరుగు ప్రయాణంలో బస్సు రావులపాలెంలో ఆగినప్పుడు బుల్లిబాబుగారు దిగి, డజను చక్రకేళీ అరటిపళ్ళు కొనుక్కొచ్చి భార్య ఒళ్ళో పెట్టారు. బస్సు గోదావరి మీద సిద్ధాంతం బ్రిడ్జి దాటాక అన్నారు.

"ముప్ఫై ఏళ్ళలో నీమీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నానా?"

"లేదండి."

"అది గుర్తుపెట్టుకో. ముందుముందు చేసుకుంటే, అది నేను కాదనుకో."

ఈ మాటలు ఆవిడ నాకు చాలా రోజుల తర్వాత చెప్పారు. అప్పుడు కూడా ఎటో చూస్తూ చెప్పారు.

ఆయన అన్నట్టే అయింది. ఏడాది తిరిగేసరికి సాయంత్రం నాలుగు దాటితే చాలు, ఇంట్లోనే ఉండి ఇంటికి వెళ్ళాలని గొడవ చేసేవారు. వీధి తలుపు దగ్గర ఆవిడ అడ్డం నిలబడితే మణికట్టు పట్టుకుని పక్కకి లాగేసేవారు. ముప్ఫై ఏళ్ళు మిషను బిగించి పట్టిన చెయ్యి అది. ఆయన మెదడు ఒక్కొక్కటీ వదిలేస్తూ వచ్చింది కానీ చెయ్యి మాత్రం పట్టినదాన్ని వదిలేది కాదు. ఆవిడ గింజుకునేవారు. గింజుకున్నకొద్దీ ఇంకా గట్టిగా బిగించేవారు. ఇరుగుపొరుగుకి తెలిస్తే ఆయన పరువు పోతుందని ఆవిడ అరిచేవారు కాదు.

మొదటి నెలంతా మాస్టారు ఆవిడకి పడటమే నేర్పారు. ముందుకి పడటం, వెనక్కి పడటం, భుజం మీదుగా దొర్లి లేవడం. మొదట్లో చీరకట్టుతోనే చేశారు. మూడో వారానికి కూతురు సాయిప్రసన్న వదిలివెళ్ళిన చుడీదార్ వేసుకుని వచ్చారు. షావుకారు గారి భార్య ఈ వయసులో చుడీదార్ వేసుకుని గోడౌనులో పల్టీలు కొడుతోందని బజారులో మూడు రోజులు చెప్పుకున్నారు. నాలుగో రోజు మానేశారు.

తర్వాత చెయ్యి సంగతికి వచ్చారు. మాస్టారు ఆవిడ మణికట్టు పట్టుకుని, లాక్కోవద్దని చెప్పారు. లాక్కుంటే ఎవరైనా గట్టిగానే పట్టుకుంటారు. పట్టుకున్నవాళ్ళ వైపే ఒక అడుగు వెయ్యాలి, వాళ్ళ పక్కకి చేరాలి, వాళ్ళు ఎటు చూస్తున్నారో అటే చూడాలి. అప్పుడు వేళ్ళలో ఉన్న బిగువు దానంతటదే సడలుతుంది.

"కోపంగా ఉన్న చంటాణ్ణి ఎత్తుకున్నట్టు," అన్నారు రమాదేవిగారు.

మాస్టారు నవ్వి, ఇరవై ఏళ్ళుగా తాను చెప్పలేకపోతున్న ముక్క అదేనన్నారు.

ఇంట్లో అది పనిచేసింది. ఆయన చెయ్యి పట్టుకోగానే ఆవిడ ఒక అడుగు ఆయన వైపు వేసి, భుజానికి భుజం చేర్చి, ఆయన చూసే వీధి తలుపు వైపే తానూ చూసేవారు. "వెళ్దాం పదండి," అంటూ ఆయనతోపాటే వీధిలోకి దిగేవారు. నాలుగిళ్ళు నడిచి, కాలవగట్టు దాకా వెళ్ళి, తిరిగి అదే ఇంటికి వస్తే ఆయన హమ్మయ్య అనుకుని మడతకుర్చీలో కూర్చునేవారు. ఆరు నెలలకి ఆవిడ చేతుల మీద మచ్చలు పోయాయి. కొట్టు ఆవిడే నడపడం మొదలుపెట్టారు. గొంతు పెరిగింది. ఒకసారి సరుకు విషయంలో లారీ డ్రైవరు దబాయిస్తే, కోపం లేకుండా, తగ్గకుండా మాట్లాడి వాడిచేత సరుకు మళ్ళీ లెక్క పెట్టించారట. పోతురాజు వచ్చి మాకు చెప్పి మురిసిపోయాడు.

ఆయన్ని ఇంట్లో ఒక్కరినే వదిలి రావడం కుదరక, ఆవిడ ఆయన్ని కూడా క్లాసుకి తీసుకురాసాగారు. గోడ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళం. రెండు వారాలు ఊరికే చూశారు. మూడో వారంలో ఒకరోజు లేచి, చెప్పులు విప్పి, టార్పాలిన్ మీదికి వచ్చి పోతురాజు మణికట్టు పట్టుకున్నారు. రమాదేవిగారు పరిగెత్తుకొచ్చారు. మాస్టారు ఆగమని సైగ చేశారు. పోతురాజు రెండు బస్తాలు ఒకేసారి ఎత్తే మనిషి. చెయ్యి విడిపించుకోబోయాడు, రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. అప్పుడు నేర్చుకున్నది గుర్తొచ్చి, ఆయన వైపు అడుగు వేసి పక్కన చేరాడు. చెయ్యి వచ్చేసింది. బుల్లిబాబుగారు పోతురాజుని చూసి నవ్వారు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో భార్య మొహం చూస్తే తెలిసింది.

ఆరోజు నుంచి ఆయన మాతో పాటే. మేం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం మొహమాటంగా పట్టుకునేవాళ్ళం. ఆయన పట్టుకుంటే అది నిజం పట్టు. వరసలో నిలబడి ఒక్కొక్కరం ఆయన ముందుకి వెళ్ళేవాళ్ళం. ఆయన పట్టునుంచి ఆయనకి నొప్పి పుట్టకుండా బయటపడితే ఆ వారానికి పాసైనట్టు. బుల్లిబాబుగారి పట్టు అని దానికి పేరే పడింది. మా పేర్లు ఆయనకి తెలియవు. కానీ ఆ గోడౌనులో తనకొక పని ఉందని తెలుసు. క్లాసు మొదట్లో అందరం వంగి నమస్కరిస్తాం. అందరూ లేచాక ఆయన వంగేవారు. ఆయన లేచేదాకా మాస్టారు ఆగేవారు. ఏడాదికి పైగా ఇలా సాగింది. మా క్లాసుకి అదే మంచి కాలం.

ఆ తర్వాత భాద్రపదంలో ఆయనకి నిద్ర పూర్తిగా పోయింది. పగలూ రాత్రీ ఇల్లంతా తిరిగేవారు. ఆవిడా ఆయన వెనకే తిరగాలి. క్లాసుకి రావడం మానేశారు. నేను ఫోన్ చేస్తే బాగానే ఉన్నామన్నారు. ఆ మాట నమ్మి ఊరుకున్నాను. ఇప్పటికీ అది నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. నా స్కూటీ మీద వాళ్ళింటికి అయిదు నిమిషాలు.

అలా తిరగడం మొదలైన నాలుగో రోజు పొద్దున్న పదింటికి ఆవిడ ఆయనకి స్నానం చేయించబోయారు. చొక్కా గుండీలు విప్పుతుంటే ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఎవరు నువ్వు? మా రమ ఏది?" అన్నారు.

"నేనేనండి రమని."

"కాదు. నువ్వు మా రమని ఏదో చేశావు. దాని చీర కట్టుకుని తిరుగుతున్నావు."

ఆవిడ మూడు రాత్రులుగా కన్నుమూయలేదు. ఆయన మాటకి లోపల ఏదో పుట్టుకొచ్చిందని ఆవిడే నాకు చెప్పారు. రెండేళ్ళలో వెయ్యిసార్లు చేసిన అడుగే వేశారు. కానీ అటువైపు వెళ్ళి ఆగలేదు. ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని, నడుం తిప్పి, బలమంతా పెట్టి కిందికి తిప్పేశారు. గచ్చు మీద పడ్డారాయన. కుడి మణికట్టు విరిగింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైందట.

బజారులో అందరూ బాత్రూములో జారి పడ్డారనుకున్నారు. పోతురాజు ఆటో పిలిచి వాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు కూడా జారి పడ్డారా అని అడిగాడు. ఆవిడ లేదన్నారు.

"నేనే విరగ్గొట్టానండి," అన్నారు.

నేను వెళ్ళేసరికి ఆయనకి కట్టు కడుతున్నారు. ఆవిడ వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. మీరు అలిసిపోయి ఉన్నారు, కావాలని చేసింది కాదుగా అన్నాను.

"కోపంతోనే తిప్పాను టీచరుగారూ. భయంతో కాదు. ఆ ఒక్క క్షణం ఆయనకి నొప్పెట్టాలనే అనుకున్నాను. ఎవరికి చెప్పకపోయినా మీకు చెప్పాలి."

పక్కనే నిలబడ్డాను.

సాయిప్రసన్న ఆ రాత్రికే విశాఖపట్నం నుంచి వచ్చింది. అక్కడ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. తండ్రి అంటే ప్రాణం. తల్లి దాచకుండా జరిగింది చెబితే, ఆ పిల్ల తండ్రి కట్టు వైపు చూసి, "నేర్చుకుంది ఇందుకేనా అమ్మా," అంది. తర్వాత ఏడ్చింది, క్షమించమంది కూడా. కానీ ఆ మాట ఇద్దరి మధ్యా ఉండిపోయింది.

జాషువా మాస్టారు మర్నాడు వచ్చారు. ఈయన ఏదైనా ఊరట మాట చెబుతారేమోనని నేను అనుకున్నాను. ఆయన వీధి అరుగు మీద కూర్చుని, తప్పు తనది కూడానన్నారు. అడుగు ఎలా వెయ్యాలో నేర్పాను, అలిసిపోయినప్పుడు మాలో ఎవరినైనా పిలవాలని మాత్రం నేర్పలేదు, పిలవకపోతే వచ్చి చూడాలని వీళ్ళకీ నేర్పలేదు అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. రమాదేవిగారు ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది.

చెయ్యి ఎలా విరిగిందో బుల్లిబాబుగారికి ఒక్క గంట కూడా గుర్తు లేదు. కట్టు చూసుకుని ఇదేంటి అని రోజుకి ఇరవైసార్లు అడిగేవారు. కానీ రమాదేవిగారు గదిలోకి వస్తే చాలు, ఆ చెయ్యి గుండెలకి హత్తుకుని, మంచం మీద గోడవైపు జరిగిపోయేవారు. మేమెవరం వెళ్ళినా అలా చేసేవారు కాదు. పోతురాజు గెడ్డం గీస్తే బుగ్గ చూపించేవారు. నేను మాత్ర వేస్తే నోరు తెరిచేవారు. ఆవిడ అడుగు చప్పుడు వింటే మాత్రం వణికేవారు. ఎందుకో ఆయనకి తెలియదు.

రాజమండ్రి డాక్టరుని ఫోన్‌లో అడిగాం. పేర్లు, మొహాలు, జరిగిన సంగతులు ఉండే చోటు వేరనీ, భయం ఉండే చోటు వేరనీ, మొదటిది పాడైనా రెండోది చివరిదాకా మిగులుతుందనీ చెప్పాడు. అంటే ముప్ఫై రెండేళ్ళ కాపురంలో భార్యని గురించి ఆయనలో మిగిలింది ఆ ఒక్క ఉదయమే.

ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. గాజులు తీసేశారు. పౌడరు మానేశారు. కూతురి చీరలు కట్టుకున్నారు. దూరంగా నేలమీద కూర్చుని గంటలు గంటలు కదలకుండా ఉండి చూశారు. ఏం చేసినా ఆయన కళ్ళు ఆవిడ చేతుల మీదే ఉండేవి. పదిహేను రోజులకి ఆవిడ ఆ గదిలోకి వెళ్ళడం మానేశారు. గొంతు వింటే భయపడుతున్నారని ఇంట్లో మాట్లాడటం మానేశారు. ఏదైనా కావాలంటే కాగితం మీద రాసి మాకు చూపించేవారు.

మేం వంతులు వేసుకున్నాం. ఎవరూ ఎవరినీ అడగలేదు. పొద్దున్న లారీల పని మొదలయ్యేలోపు పోతురాజు వచ్చి స్నానం చేయించేవాడు. "షావుకారు గారూ, ఈ చెయ్యి ఎత్తండి, ఆయ్, ఈ చెయ్యి కూడానండి," అని అతను మాట్లాడే మాటలు వీధిలోకి వినిపించేవి. మధ్యాహ్నం మాస్టారు వచ్చి పక్కన కూర్చునేవారు. నాలుగున్నరకి స్కూలు అయ్యాక నేను అన్నం పెట్టేదాన్ని. రాత్రికి జెరాక్స్ షాపాయన వచ్చి పడుకునేవాడు. ఆదివారాలు డిగ్రీ అమ్మాయిలు. అంతవరకూ మేం వారానికి మూడు సాయంత్రాలు కలిసేవాళ్ళం, అంతే. ఒకళ్ళింటికి ఒకళ్ళం వెళ్ళింది కూడా లేదు. ఆ పది నెలల్లో ఒకళ్ళ జ్వరాలూ, పరీక్షలూ, ఇంటి గొడవలూ ఒకళ్ళకి తెలిసిపోయాయి. పోతురాజు భార్య కాన్పు అయితే రమాదేవిగారే వెళ్ళి ఆసుపత్రిలో ఉన్నారు. పుట్టిన పిల్లని ఆవిడ ఒళ్ళో పెడితే మొదట తీసుకోలేదట. తన చేతులకేసి చూసుకున్నారట. పోతురాజే బలవంతంగా పెట్టాడు.

వంట మాత్రం ఆవిడే చేసేవారు. అన్నం కలిపి, చిన్న ముద్దలు చేసి, పళ్ళెం పట్టుకుని ఆ గది కర్టెన్ దాకా వచ్చి నాకు అందించేవారు. నేను తినిపిస్తున్నంతసేపూ కర్టెన్ వెనక నిలబడేవారు. ఆవిడ పాదాలు కింద కనిపించేవి.

మాఘమాసంలో ఒకరోజు కందబచ్చలి కూర వండారు. బాగా ఆవ పెట్టి. రెండో ముద్దకి ఆయన నమలడం ఆపారు. నా మొహంలోకి చూశారు. ఎన్నో నెలల తర్వాత ఆ చూపులో మనిషి ఉన్నాడు.

"ఇది మా రమ వండింది," అన్నారు.

"అవునండి. రమగారే వండారు."

"ఆవ అలా పెట్టడం ఎవరికీ రాదు. ఏదీ, రమ ఏది? ఎక్కడికెళ్ళింది ఇన్నాళ్ళు?"

కర్టెన్ కదిలింది. నేను ఆవిడ వైపు చూశాను, రమ్మనాలో వద్దో తెలియలేదు. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, చీర చప్పుడు కూడా కాకుండా ఒక్క అడుగు లోపలికి వేశారు. నేనేనండి అన్నారు, ఎంత మెల్లగా అంటే నాకే సరిగ్గా వినపడలేదు.

ఆయన ఆవిణ్ణి చూశారు. కుడిచెయ్యి నెమ్మదిగా గుండెల మీదికి తీసుకున్నారు. గోడవైపు జరిగారు. నా కొంగు పట్టుకుని, చాలా మర్యాదగా, బతిమాలుతున్నట్టు అడిగారు.

"ఆవిణ్ణి వెళ్ళమనండి. మా రమ వస్తే చెప్తాను, ఆవిడకేం కావాలో ఇచ్చి పంపిస్తుంది."

రమాదేవిగారు వెనక్కి వెళ్ళిపోయారు. ఆయన మిగతా అన్నం తిన్నారు, గుమ్మం వైపు చూస్తూ. నేను పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ స్టవ్ తుడుస్తున్నారు. తిన్నారా అని సైగ చేశారు. తిన్నారన్నాను. మొత్తమా అన్నట్టు చూశారు. మొత్తం అన్నాను. సరేనన్నట్టు తలాడించి మళ్ళీ తుడవసాగారు. ఆ స్టవ్ మీద తుడవడానికేమీ లేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే నా వీపు నిమిరారు.

ఆషాఢంలో ముసురు పట్టింది. ఆయనకి జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకి పాకింది. మింగడం కూడా మర్చిపోయారని డాక్టర్లు అన్నారు. రాజమండ్రి ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు. మూడో రోజు నుంచి స్పృహ లేదు. ఆ మూడో రోజు మధ్యాహ్నం రమాదేవిగారు లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నారు. ఎంతోసేపటికి ఆయన కుడిచెయ్యి పట్టుకున్నారు. విరిగి అతుక్కున్నచోట ఎముక కాస్త ఎత్తుగా ఉండేది. మర్నాడు తెల్లవారి ప్రాణం పోయేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

పదకొండో రోజు అయ్యాక ఆవిడ నాతో అన్నారు. "ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదండి. తెలిసే ఊరుకున్నారేమోనని ఒకోసారి అనుకోబుద్ధేస్తుంది. లేదులెండి. తెలియకే."



నాలుగు నెలలు ఆవిడ గోడౌను వైపు రాలేదు. కార్తీకం వెళ్ళాక ఒక గురువారం వచ్చారు. అందరితో పాటు వంగి నమస్కరించారు, పల్టీలు కొట్టారు, ఒళ్ళు ఏమీ మర్చిపోలేదు. జంటలుగా నిలబడ్డప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకోవడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. చివరికి పోతురాజు వెళ్ళి పట్టుకున్నాడు. ఆవిడ అడుగు వేశారు. అతని పక్కకి చేరారు. అక్కడ ఆగిపోయారు. ఇంక చెయ్యి తిప్పాలి, అతను పడాలి. ఆవిడ తిప్పలేదు. నిమిషం సేపు అలాగే నిలబడి, చెయ్యి వదిలించుకుని, "నన్ను పడెయ్యి పోతురాజూ," అన్నారు.

అప్పటినుంచి ఇప్పటిదాకా అంతే. పడటమే కానీ ఎవరినీ పడెయ్యరు. మాస్టారు ఒక్కసారి కూడా బలవంతం చెయ్యలేదు. కొత్తగా చేరినవాళ్ళని ఆవిడకే అప్పగిస్తారు. వాళ్ళు మొదటిసారి మనిషిని పడెయ్యడానికి భయపడతారు. నాకేం కాదు, కానివ్వండి అంటారావిడ. వాళ్ళు ఎక్కువ బలం పెడితే మాత్రం కిందనుంచే ఆపి, అంత అక్కర్లేదని చెబుతారు. మిగతా రోజుల్లో ఎవరింట్లో ఇలాంటి జబ్బు మనిషి ఉన్నా, ఎవరు కబురు చేసినా వెళతారు. మార్టేరులో సంపూర్ణమ్మగారనే పెద్దావిడ దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్ళి, కోడలు పడుకుని లేచేదాకా కూర్చుని వస్తారు. ఆ కోడలికి మొదటిరోజే తన సంగతంతా చెప్పేశారు. మూడు రాత్రులు నిద్ర లేకపోతే తనకి ఫోన్ చెయ్యమనీ, ఏ వేళైనా పరవాలేదనీ నంబరు గోడమీద రాసి వచ్చారు.

మొన్న సంవత్సరీకానికి సాయిప్రసన్న వచ్చింది. శనివారం సాయంత్రం తల్లిని వెతుక్కుంటూ గోడౌనుకి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ సమయంలో రమాదేవిగారిని పడేస్తున్నది నేనే. నాలుగుసార్లు పడి లేచారు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. క్లాసు అయ్యాక నన్ను పక్కకి పిలిచి, అమ్మని అలా పడెయ్యొద్దని అడిగింది. ఆవిడే అడుగుతారమ్మా అన్నాను.

"ఎన్నాళ్ళండి ఇలా?"

తెలియదన్నాను. మేం టార్పాలిన్ దులిపి మడత పెడుతుంటే ఆ పిల్ల చున్నీ నడుముకి చుట్టుకుని వచ్చి ఒక కొస పట్టుకుంది. ఎదురు కొస తల్లి పట్టుకున్నారు. మడత పెట్టడం అయ్యాక సాయిప్రసన్న బయటికి వెళ్ళి స్కూటర్ స్టార్ట్ చేసింది. రమాదేవిగారు వెనక కూర్చుని, కాసేపు రెండు చేతులూ ఒళ్ళోనే పెట్టుకున్నారు. మిల్లు గేటు దగ్గర గతుకు వచ్చింది. ఆవిడ చెయ్యి ఎత్తి కూతురి భుజం మీద వేశారు. ఆ పిల్ల భుజం కదపకుండా, స్పీడు తగ్గించి, మెల్లగా రోడ్డెక్కింది.